పేరు రాయకుండా దాచిన నంబరు

ఫిబ్రవరి 26, బుధవారం

మీరిమ్ కొత్త నంబరు నుంచి ఫోన్ చేసింది. మూడు నిమిషాలు మాట్లాడింది. ఇద్దరూ బాగానే ఉన్నారట. కూతురు అయ్‌పెరి రష్యన్‌లో ఎక్కాలు అప్పజెబుతోందట.

నా ఆఖరి చెల్లెలు తోక్మోక్‌లో ఉందని ఈ నరిన్ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. నవంబరులో ఎనిమిదేళ్ళ కూతురి చేయి పట్టుకుని మొగుడి ఇంట్లోంచి వచ్చేసింది. అక్కడ ఒక కుట్టు కార్ఖానాలో పని. మొగుడు కుబాత్‌కి తెలిస్తే ఈసారి చంపేస్తాడు. ఇది నేను ఊరికే రాస్తున్న మాట కాదు. అతనే అన్నాడు, నా ముందే.

నంబరు సేవ్ చేసుకున్నాను. పేరు రాయలేదు. అత్తవారి వైపు వాళ్ళ పేర్లు కోడలు పలకదు. నా మొగుడు పోయి తొమ్మిదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. నా ఫోన్‌లో అందరూ వరసతోనూ, ఊరితోనో పనితోనో ఉంటారు. పెద్ద బావగారు అత్‌బాషి. చిన్న మరిది గొర్రెల మంద. మీరిమ్‌నీ అలాగే రాశాను. 'చెల్లి తోక్మోక్ కుట్టు'. పేరు లేదు కాబట్టి ఎవరి కంటా పడదు. పేర్లు దాచడంలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం.

మార్చి 1, శనివారం

మొదటి ఉపవాసం. మంచు కురిసింది.

పక్కింటి బురుల్ వదిన పొద్దున్నే వచ్చింది. ఈ ఏడు ఖురాన్ పఠనం ఫోన్‌లోనట. ముప్పైమంది ఆడవాళ్ళం, ముప్పై భాగాలు, ఎవరిది వాళ్ళు చదివి గుర్తు పెట్టాలి. దానికి పసుపు గొడుగు బొమ్మ ఉన్న యాప్ కావాలి. నా ఫోన్ తీసుకుని తనే ఎక్కించింది. ఊళ్ళో అందరి దగ్గరా ఉందట, నేనే మిగిలానట, ఇంకా కట్టెల పొయ్యి కాలంలోనే ఉన్నానట.

ఒక చోట ఆగింది. మీ పరిచయాలు చూడటానికి అనుమతి ఇస్తారా అని అడిగింది. నేను చదివాను. 'మీ పరిచయాలు మీవే. మా దగ్గర భద్రంగా ఉంటాయి.' పక్కన తాళంకప్ప బొమ్మ. నాకు పద్దెనిమిదో భాగం వచ్చింది. అలౌ నొక్కాను.

మనిషి మాట ఇచ్చి, దాన్ని రాసి కూడా ఇస్తే, అది అమానతు. మరొకరు నమ్మి అప్పజెప్పిన సొమ్ము. ఆ కంపెనీ వాళ్ళకీ తల్లులుంటారు కదా అనుకున్నాను.

మార్చి 4, మంగళవారం

ఇఫ్తార్ బురుల్ వదిన ఇంట్లో. పదకొండుమందిమి. నమాజయ్యాక టీ దగ్గర ఒకటే నవ్వులు. గొడుగు యాప్‌లో ఒక మీట ఉంది. మనల్ని ఎవరు ఏమని సేవ్ చేసుకున్నారో చూపిస్తుంది. బురుల్ వదినని ఆమె కోడలు 'రేడియో' అని రాసుకుంది. కోడలు తలుపు చాటుకి పోయింది. వదిన ఏమీ అనుకోలేదు. పోనీలే, టీవీ అనలేదు, నా మొహం చూసే బాధ లేదనుకుంది పాపం, అంది. బజారులో గుండీలు అమ్మే ఆవిడ మొగుడు ఆవిడని 'ఎక్కడున్నావ్' అని రాసుకున్నాడట. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట కాబట్టి.

ఎప్పుడూ చేతిలో జపమాల ఉంటుందని నన్ను నలుగురు 'తస్బీహ్ వదిన' అని రాసుకున్నారు. ఒకరు 'పరుపులు కుట్టే ఆమె'.

నేనూ నవ్వాను. వాళ్ళ ఫోన్‌లో రాసుకున్నది నాకెలా కనబడుతోందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మార్చి 5

సగం భాగం చదివాను. రెండు పరుపులకు ఉన్ని ఏకాను.

మార్చి 9, ఆదివారం

కుబాత్ వచ్చాడు.

గొర్రె తొడ తెచ్చాడు, ఇఫ్తార్‌కని. చెప్పులు వరసగా విడిచాడు. పెరట్లో కట్టెలు కొట్టిపెట్టాడు. అక్కా అక్కా అంటూ నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు. ఎవరైనా చూస్తే ఇంత మంచి మరిది ఉంటాడా అనుకుంటారు.

నవంబరు నుంచి ఎప్పుడొచ్చినా మొదటి మాట మీరిమ్ ఎక్కడ అనే. అరిచేవాడు. నేను జవాబివ్వకుండా తస్బీహ్ తిప్పేదాన్ని. ఒకసారి గోడకేసి పళ్ళెం కొట్టాడు. ఈ రోజు ఆ ఊసే ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి అడిగాడు. "పరుపులకి గుడ్డ ఎక్కడ కొంటారక్కా? తోక్మోక్‌లో చవకంట కదా."

ఇక్కడి బజారులోనే కొంటానన్నాను. చేతిలో గిన్నె ఉంది. జారనివ్వలేదు.

అతను వెళ్ళాక తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు ఆలస్యమైంది. అల్లా క్షమించాలి.

మార్చి 10, సోమవారం

ఊరికే అని ఉంటాడు. తోక్మోక్‌లో గుడ్డ చవకన్నది అందరికీ తెలిసిందే.

రాయవలసింది ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తాను.

అమ్మ పోయినప్పుడు మీరిమ్‌కి ఆరేళ్ళు. నేనే పెంచాను. కుబాత్ మొదటిసారి కొట్టినప్పుడు నా దగ్గరికే వచ్చింది. పెద్దమనుషులు కాపురం నిలబెట్టుకోమన్నారు. నేనూ అదే అన్నాను. చేయి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళింట్లో దిగబెట్టి, టీ తాగి వచ్చాను. రెండోసారి భుజం ఎముక విరిగింది. పోలీసు ఆమె కూడా సర్దుకుపొమ్మంది. మళ్ళీ నేనే దిగబెట్టాను. ఓర్పుగా ఉండమని దువా చదివి మరీ వచ్చాను.

మూడోసారి నా దగ్గరికి రాలేదు. తోక్మోక్ పోయాక రెండు నెలలకి ఫోన్ చేసింది. నాకు చెప్పాలని ఎందుకనిపించిందో తెలియదు. చెప్పింది. నన్ను నమ్మింది.

మార్చి 12, బుధవారం. మధ్యాహ్నం

మీరిమ్ ఫోన్. గొంతు అణిచిపెట్టి మాట్లాడుతోంది.

కార్ఖానాలో పని పంచేది కూడా ఆ గొడుగు యాప్‌లోనేనట. అందుకని తన ఫోన్‌లోనూ ఉంది. ఫొటో లేదు, అసలు పేరు లేదు, సూది బొమ్మ పెట్టుకుంది. ఈ పొద్దున తెరిస్తే, 'మీకు తెలిసినవారు కావచ్చు' అని కుబాత్ ముఖం వచ్చిందట. పెళ్ళినాటి టోపీతో. కింద 'పరిచయం చేసుకోండి' అని మీట.

నంబరు ఎవరికైనా ఇచ్చావా అక్కా అని అడిగింది. అల్లా సాక్షిగా ఇవ్వలేదన్నాను.

మిషన్ల చప్పుడు వినబడుతోంది. సరే అని పెట్టేసింది.

మార్చి 13, గురువారం

నేను ఇచ్చాను.

బజారులో ఫోన్లు బాగుచేసే జిబెక్ దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళ పిల్ల, బొట్టు బొట్టుగా టీ తాగుతూ పనిచేస్తుంది. రంజాన్ కదమ్మా అంటే కడుపుతో ఉన్నాను పెద్దమ్మా అంది. సిగ్గుపడ్డాను. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది, నాది ఆమె ఫోన్‌లో ఉంది. తన ఫోన్‌లో గొడుగు తెరిచి 'తెలిసినవారు కావచ్చు' అన్న చోటికి పోయింది. వరసగా ముఖాలు. నా బావగారు. నా మరిది. ఆమెకి వాళ్ళెవరో కూడా తెలియదు. ఏడో వరసలో సూది బొమ్మ.

సూది బొమ్మ కింద చిన్న అక్షరాలు. 'పరిచయస్తులు వీరిని ఇలా పిలుస్తారు: చెల్లి తోక్మోక్ కుట్టు.'

నా చేతి రాత కాదు. నా మాట.

జిబెక్ విడమరిచి చెప్పింది. ఎవరి ఫోన్‌లో నా నంబరుంటే వాళ్ళందరికీ నా మనుషుల్ని చూపిస్తుందట. కుబాత్ ఫోన్‌లో నేనుంటాను, పెళ్ళాం అక్కని కదా. ముఖం లేనివాళ్ళకి, తెలిసినవాళ్ళు ఏమని రాసుకున్నారో అది కింద పెడుతుందట. గుర్తుపట్టడానికి సులువుగా ఉండాలని.

పేరు రాసి ఉంటే బాగుండేది. ఈ దేశంలో మీరిమ్‌లు లక్షమంది ఉంటారు. నేను పేరు దాచి, వరస రాశాను, ఊరు రాశాను, పని రాశాను.

యాప్ తీసెయ్యమన్నాను. తీసేస్తే పాత పేరు అక్కడే నిలిచిపోతుందట, అది ఎప్పుడో వాళ్ళ దగ్గరికి పోయిందట. కంపెనీకి రాసి తీయించాలట. అప్పటికప్పుడే రాయించాను. అయ్యా, ఇది ఒక మనిషి ప్రాణం అని రాయమన్నాను. జిబెక్ అలాగే రాసింది. డబ్బు తీసుకోలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం, ఇఫ్తార్ తరవాత

మీరిమ్‌కి చెప్పాను. అంతా, వరసగా, ఏదీ దాచకుండా.

"ఈసారి కూడా నువ్వేనా, అక్కా," అంది.

తిట్టినట్టు లేదు. అలిసిపోయినట్టు ఉంది. తిడితే బాగుండేది.

ఈ రాత్రికే బయలుదేరు అన్నాను. కుదరదంది. అయ్‌పెరికి తట్టు పోసింది, ఒళ్ళు కాలిపోతోంది, నిన్న రాత్రి ఆసుపత్రిలో విడి గదిలో పెట్టారు. సోమవారం పది గంటలకి గాని వదలరు. పిల్ల కళ్ళు తెరవలేకపోతోందట, దీపం ఆర్పమంటోందట.

సోమవారం దాకా. నాలుగు రోజులు.

ఈ ఫోన్ పారెయ్యి అన్నాను. తరవాత ఎక్కడికి పోతావో నాకు చెప్పకు అన్నాను. నర్సు వంటగది తలుపు గుండా పంపిస్తానందట, కార్ఖానా యజమానురాలు కారు పెడతానందట. అక్కడితో ఆపించాను.

"మరి నీకెలా తెలుస్తుంది?" అంది.

తెలియకపోవడమే మంచిదన్నాను. పెట్టేశాక గుర్తొచ్చింది, జాగ్రత్త అన్న మాట కూడా అనలేదు.

మార్చి 14, శుక్రవారం

కంపెనీ జవాబు వచ్చింది. 'ప్రియమైన జూరాకన్, మీ గోప్యత మాకు ఎంతో ముఖ్యం. మీ విన్నపాన్ని ముప్పై రోజుల్లోగా పరిశీలిస్తాం.' చివర పువ్వు బొమ్మ. ఈ జవాబు మీకు నచ్చిందా, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని అడిగారు.

మధ్యాహ్నం కుబాత్ తల్లికి ఫోన్ చేశాను. రంజాన్ పలకరింపు అన్నాను. ఆమెకి మనసులో ఏదీ నిలవదు. కొడుకు బుధవారమే కారు సామానుకని దిగువకి వెళ్ళాడట. తోక్మోక్‌లో ఉన్నాడట. ఏం సామానో ఏమిటో, అక్కడ కుట్టు కార్ఖానాలు ఎన్నుంటాయని ఎవరినో అడుగుతున్నాడమ్మా, జాకెట్ల వ్యాపారం పెడతాడేమో, అంది.

నాలుగు వందలుంటాయంటారు. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి అడిగినా రోజుకి ఎన్ని అవుతాయి? తట్టు పోసిన పిల్ల తల్లి పనికి రావడం లేదని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఊళ్ళో పిల్లల ఆసుపత్రి ఒకటే.

ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఆమె ఇంకా మాట్లాడుతోంది. అప్పుడు నా నోటి నుంచి వచ్చింది. రేపు కరాకోల్ వెళ్తున్నాను వియ్యపురాలా, ఎవరికీ చెప్పకండి, అన్నాను.

అలాగేనమ్మా అంది. ఆ గొంతులోనే తెలిసింది, నేను పెట్టేయగానే కొడుక్కి చేస్తుందని.

కరాకోల్ తోక్మోక్‌కి ఎదురు దిక్కు, అక్కడ నాకెవరూ లేరు. ఉపవాసంలో ఉండగా అబద్ధం. యాభై నాలుగేళ్ళలో కావాలని ఆడినది ఇదే మొదటిది.

నాలుగు గంటలకి జిబెక్ దుకాణం. ఫోన్‌లో పేరు మారిస్తే అక్కడా మారుతుందా అని అడిగాను. తీసేస్తే మారదు గాని, కొత్తది రాస్తే అదే పైకొస్తుందంది. ఆమె ముందే రాశాను. 'చెల్లి కరాకోల్ కుట్టు'. అక్షరం అక్షరం.

జిబెక్ చదివింది. నా వైపు చూసింది. "మీ పక్కన ఎవరుంటారు పెద్దమ్మా?" అంది.

మార్చి 15, శనివారం. బలిక్చి, బండి మారే చోటు

దోలోన్ కనుమలో మంచు. డ్రైవరు పాటలు పెట్టాడు. తీసెయ్యమంటే ముసలమ్మ జారుడు రోడ్డుకి భయపడుతోందనుకున్నాడు, నెమ్మదిగా పోతాలెండి అన్నాడు.

తోక్మోక్ ఎడమ వైపు. రెండున్నర గంటలు. బిడ్డ నుదుటి మీద చెయ్యి వెయ్యొచ్చు. కుడి వైపు కరాకోల్.

కుడి వైపు బండి ఎక్కాను.

మార్చి 15. కరాకోల్, సాయంత్రం

బజారు వెనక ఒక దుంగాన్ ఆవిడ ఇంట్లో గది. ఎప్పుడో చైనా వైపు నుంచి వచ్చిన ముస్లింలు వాళ్ళు. రెండు రాత్రులకి అడిగాను. కిటికీ రోడ్డు వైపుంది. ఆవిడ ఇఫ్తార్‌కి నూడుల్స్ తెచ్చి పెట్టింది. ఎవరింటికొచ్చారు అంటే చెల్లెలి కోసం అన్నాను. ఇది అబద్ధం కాదు.

గొడుగులో 'దగ్గరలో ఉన్నవారు' అని ఒకటుంది. లొకేషన్ ఆన్ చెయ్యమంటుంది. మనం కనబడితేనే ఎదుటివాళ్ళు కనబడతారట. ఆన్ చేశాను. యాభై కిలోమీటర్ల లోపల తెలిసినవారు ఎవరూ లేరంది.

అన్నీ దానికి ఇచ్చేశాను. ఎక్కడున్నానో కూడా.

మార్చి 16, ఆదివారం. ఉదయం

జిబెక్ ఫోన్ చేసింది. సూది బొమ్మ కింద పేరు మారిందట. ఆమె ఫోన్‌లో మారితే అతని ఫోన్‌లోనూ మారినట్టే.

మధ్యాహ్నం

రాలేదు.

నమ్మలేదేమో. తోక్మోక్‌లోనే ఉన్నాడేమో. ఇప్పుడు ఏ గుమ్మం దగ్గర ఉన్నాడో. మీరిమ్‌కి ఫోన్ చెయ్యలేను, ఫోన్ పారెయ్యమన్నది నేనే. ఆసుపత్రికి చేద్దామని నంబరు కూడా తీశాను. ఆ నంబరు ఒకసారి నొక్కితే ఈ గొడుగు దాన్ని కూడా ఎక్కడ రాసుకుంటుందో, ఎవరి ముందు పెడుతుందో తెలియదు. ఫోన్ బోర్లా పెట్టాను.

వేలికి తస్బీహ్ పూస తగిలితే ఎన్నోదో గుర్తుండటం లేదు. మొదటి నుంచి మొదలుపెడుతున్నాను. మళ్ళీ మొదటి నుంచి.

అతను రాకూడదని ప్రార్థించాలా, రావాలని ప్రార్థించాలా? జీవితంలో మొదటిసారి, ఆ మనిషి నా గుమ్మంలోకి రావాలని చేతులు చాచి అడిగాను.

సాయంత్రం, 7.20

కుబాత్ ఫోన్ చేశాడు. ఎంత మర్యాదగా.

"ఉపవాసం విప్పారా అక్కా?"

విప్పానన్నాను.

"అక్కడ చలి ఎక్కువంట. కిటికీ రోడ్డు వైపు ఉంటే ఇంకానూ. నేను రేపు అటు వస్తున్నాలెండి. అందరం కలిసే ఇంటికి పోదాం."

కిటికీ గురించి నేనేమీ చెప్పలేదు. మ్యాపులో నా చుక్క రోడ్డు అంచున ఉన్నట్టు కనబడుతుందేమో.

అందరం అన్నాడు. నమ్మాడు.

ఇంటి ఆవిడతో రేపు పొద్దున పిల్లల్ని తీసుకుని మీ అమ్మగారింటికి పోగలరా అని అడిగాను. ఎందుకని అడగలేదు. నా మొహం చూసి సరేనంది. పక్క వీధిలో ఆమె అన్నదమ్ములున్నారట, చెప్పి ఉంచనా అంది. మధ్యాహ్నానికి రమ్మనండి, అంతకు ముందు వద్దు, అన్నాను. ముందే మనుషుల్ని చూస్తే వెనక్కి తిరిగిపోతాడు, తోక్మోక్‌లో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి వెతకమంటాడు. వాళ్ళు ఆసుపత్రి దాటే పది గంటల్లోపల అది జరిగితే నేను ఇంత దూరం వచ్చి ఏం లాభం?

మార్చి 17, సోమవారం. 8.50

తెల్లవారుజామున ఫజర్ నమాజు తరవాత పద్దెనిమిదో భాగం మిగిలింది పూర్తి చేశాను. ఫోన్‌లో గుర్తు పెట్టాను. బురుల్ వదిన వెంటనే ఒక గులాబీ పంపింది.

యాభై కిలోమీటర్ల లోపల తెలిసినవారు: ఒకరు. పెళ్ళినాటి టోపీ.

9.30

పద్నాలుగు కిలోమీటర్లు.

ఆగు. నెమ్మదిగా రా. టీ తాగు ఎక్కడైనా. ఇంకా అరగంట.

9.45

ఆరు. కదలడం లేదు. పెట్రోలు పోయించుకుంటున్నాడో, వెనక్కి తిరగాలని ఆలోచిస్తున్నాడో.

గొడుగులో నా ఫొటో పక్కన ఖాళీ చోటుంది, నలుగురికీ కనబడేలా ఏదైనా రాయమంటుంది. రాశాను: 'చెల్లితో ఉన్నాను.'

9.58

కదిలాడు. నాలుగు. మూడు.

10.04

తోక్మోక్‌లో వంటగది తలుపు తీసి ఉంటారు. కప్పిన దుప్పటితో సహా పిల్లని ఎత్తుకుని ఉంటుంది. వెలుతురు కళ్ళలో పడకుండా.

రెండు వందల మీటర్లు.

10.11

కారు ఆగింది. గడియ తీశాను. టీ ఒక్కరికే పోశాను, నాకు ఉపవాసం.

ఎక్కడుందని అడుగుతాడు. తెలియదంటాను. నిజమే చెబుతాను.

అతను నమ్మడు.